పక్కింటి డాబా మీద గొలుసుకు కట్టేసిన కుక్క: కాపాడటం ఎలా, కేసు పెట్టించడం ఎలా

ఎదురింటివాళ్లు ఊరెళ్లి నాలుగు రోజులైంది. డాబా మీద కుక్క మూరెడు గొలుసుకు కట్టేసి ఉంది, సిమెంటు తొట్టిలో నీళ్లు ఎండిపోయి అడుగున పాచి పగుళ్లిచ్చింది, మొదట్లో గుక్కతిప్పుకోకుండా మొరిగిన కుక్క ఇప్పుడు మొరగడం కూడా మానేసింది. ఇలాంటిది కంటపడగానే చాలామంది చేసే పని ఒకటే, వీడియో తీసి నాలుగు వాట్సాప్ గ్రూపుల్లో పడేసి "ఎవరైనా కాపాడండి ప్లీజ్" అని రాయడం. కింద ఏడుపు బొమ్మలు, దండం పెట్టే బొమ్మలు, ఓనర్‌కి శాపనార్థాలు బోలెడు వస్తాయి. కుక్క మాత్రం అక్కడే ఉంటుంది.

ఈ పనిలో తిరిగేవాళ్లకి బాగా తెలిసిన విషయం ఒకటుంది. స్టేషన్ రైటర్ చేతిలో తేదీలు, ఫొటోలు, డాక్టర్ కాగితం, సరైన సెక్షన్ నంబరు పెడితే పని కదులుతుంది, కౌంటర్ ముందు నిలబడి ఆవేశపడితే "రేపు రండి" అంటారు. కాబట్టి కింద చెప్పేదాంట్లో సగం జంతువుకి ఏం చేయాలో, మిగతా సగం ఆ కాగితం ఎలా తయారుచేయాలో ఉంటుంది. ఎక్కువగా కుక్కల గురించే రాస్తున్నాను, మధ్యలో ఆవులూ గాడిదలూ కూడా వస్తాయి.

1. గంటల్లో చేయాల్సిందా, రోజుల్లో చేయాల్సిందా

రక్తం కారుతోందా, పుండులో పురుగులు పడ్డాయా, లేచి నిలబడలేకపోతోందా, ఎండలో నాలుక వేలాడేసి పక్కకి ఒరిగిపోయిందా? అయితే మిగతావన్నీ పక్కనపెట్టి నేరుగా 4వ దశకి వెళ్లండి. అలా కాకుండా చిక్కిపోయి ఉంది, కట్టేసే ఉంచుతున్నారు, పట్టించుకోవట్లేదు అంటే మీకు కొన్ని రోజుల టైమ్ ఉంది. ఆ టైమ్‌ని వాడుకోవాలి. మొదటి రోజే గొడవ పెట్టుకుంటే ఓనర్ జాగ్రత్తపడతాడు, రాత్రికి రాత్రి కుక్కని ఆటోలో ఎక్కించి ఊరి బయట వదిలేసి "పారిపోయిందండీ" అంటాడు. అప్పుడు మీ చేతిలో జంతువూ లేదు, సాక్ష్యమూ లేదు.

చూడాల్సినవి ఏమిటంటే: పక్కటెముకలు, వెన్నుపూస, తుంటి ఎముకలు దూరం నుంచే లెక్కపెట్టేలా ఉన్నాయా, గోళ్లు పెరిగి వంకర తిరిగాయా, గొలుసు పొడవెంత, మధ్యాహ్నం పన్నెండింటికి అక్కడ నీడ పడుతుందా, పడుకునే చోటే మలమూత్రాలు ఉన్నాయా. మెడ తప్పకుండా చూడండి. కుక్కపిల్లగా ఉన్నప్పుడు కట్టిన నైలాన్ తాడుని కుక్క పెరిగినా ఎవరూ వదులు చేయరు, తాడు అలాగే బిగుసుకుని చర్మాన్ని కోసుకుంటూ లోపలికి దిగిపోతుంది, పైనుంచి మాంసం పెరిగి కప్పేస్తుంది. పైకి చూస్తే మెడ చుట్టూ తడిగా ఒక గీత, అక్కడ వెంట్రుకలు అట్టకట్టి ఉంటాయి, దగ్గరికి వెళ్తే కుళ్లిన వాసన, అంతే. దాన్ని మీరు కత్తెరతో కత్తిరించబోకండి, మత్తిచ్చి తీయాల్సిన పని అది.

ఒక జాగ్రత్త కూడా. చిక్కిన కుక్క ప్రతిదీ తిండి లేని కుక్క కాదు. ముసలిదై ఉండొచ్చు, కిడ్నీ జబ్బుకి మందులు వాడుతూ ఉండొచ్చు, ముధోల్ హౌండ్ లాంటి జాతి అయితే ఆరోగ్యంగా ఉన్నా పక్కటెముకలు కనిపిస్తాయి. రెండు రోజులు గమనిస్తే తేడా తెలిసిపోతుంది.

2. సాక్ష్యం

రోజూ ఒకే టైమ్‌కి, వీలైతే ఉదయం ఒకసారి, మిట్టమధ్యాహ్నం ఒకసారి, మీ ఇంటి నుంచో రోడ్డు మీద నుంచో ఫొటో తీయండి. ఒక ఫొటోలో ఇల్లు, గేటు, చుట్టుపక్కలు కనిపించాలి, ఇంకో దాంట్లో జంతువు, మరోదాంట్లో నీళ్ల గిన్నె. ఖాళీ గిన్నె ఫొటో ఒక్కటి చూపిస్తే "ఇప్పుడే తాగేసిందండీ" అంటారు. అదే గిన్నె వరసగా నాలుగు రోజులు ఖాళీగా ఉంటే ఆ మాట అనలేరు. వీడియోకి పాట పెట్టడం, మీద అక్షరాలు రాయడం, ఏడుపు బొమ్మలు అతికించడం లాంటివి చేయకండి. తీసిన ఫైల్ తీసినట్టే ఫోన్లో ఉంచండి, వాట్సాప్‌లో పంపితే క్వాలిటీ తగ్గిపోతుంది, తేదీ వివరాలు కూడా పోతాయి. రేపు కోర్టులో చూపించాలంటే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం ఇది నా ఫోన్లో నేను తీసిందే అని ఒక సర్టిఫికెట్ ఇవ్వాలి, అందుకు అసలు ఫైల్ మీ దగ్గరే ఉండాలి.

వాళ్ల ఇంట్లోకి మాత్రం అడుగుపెట్టకండి. గోడ దూకి కుక్కని ఎత్తుకొచ్చేస్తే మనసుకి బాగుంటుంది గానీ చట్టం దృష్టిలో పెంపుడు జంతువు ఆస్తి, కాబట్టి అది దొంగతనమూ అవుతుంది, అక్రమ ప్రవేశమూ అవుతుంది. ఓనర్ మీద పెట్టాల్సిన కేసు మీ మీద పడుతుంది. నీళ్లకైతే పక్క డాబా వాళ్లని బతిమాలుకుని పైపుతోనో కర్రకి కట్టిన డబ్బాతోనో అందించొచ్చు, చాలామంది వద్దనరు.

వాచ్‌మన్, పనిమనిషి, పాలవాడు లాంటివాళ్లతో మాటల్లో మాటగా కనుక్కోండి. ఎప్పటి నుంచి ఇలా ఉంది, ఎవరు తిండి పెడతారు, కొడతారా అని. వాళ్లు సాక్ష్యానికి రాకపోవచ్చు, కానీ మీకు కథ తెలుస్తుంది.

3. ఓనర్‌తో ఒకసారి మాట్లాడండి

దెబ్బలు కొట్టేవాళ్ల సంగతి వేరు, వాళ్ల దగ్గరికి ఒంటరిగా వెళ్లొద్దు. పట్టించుకోకుండా వదిలేసిన కేసుల్లో మాత్రం ఎక్కువసార్లు కనిపించేది దుర్మార్గుడు కాదు, చేతులెత్తేసిన మనిషి. పిల్లాడు అడిగాడని కరోనా టైమ్‌లో లాబ్రడార్ కొన్నారు, పిల్లాడు హాస్టల్‌కి వెళ్లాడు, అమ్మకి మోకాళ్ల నొప్పులు, అద్దె ఇంటి ఓనర్ లోపల కుక్క వద్దన్నాడు, దాంతో అది డాబా ఎక్కింది. వీళ్లకి చట్టం గురించి లెక్చరిస్తే తలుపేస్తారు. "అంకుల్, మీకు ఇబ్బందిగా ఉన్నట్టుంది, నేను రోజూ సాయంత్రం కాసేపు తిప్పుకొస్తానా?" అని అడగండి, లేదా "మంచి ఇల్లు చూస్తే ఇచ్చేస్తారా?" అనండి. అబ్బ, తీసుకెళ్లు బాబూ అనేవాళ్లే ఎక్కువ.

అలా అన్నారా, వెంటనే కాగితం రాయించుకోండి. తెల్లకాగితం చాలు. జంతువు వివరాలు, "నా ఇష్టపూర్వకంగా, ఎలాంటి ఒత్తిడి లేకుండా, దీనిపై నా సర్వహక్కులూ వదులుకుంటూ ఫలానా వారికి అప్పగిస్తున్నాను" అనే వాక్యం, తేదీ, సంతకం, ఫోన్ నంబరు, ఇద్దరు సాక్షుల సంతకాలు. రెస్క్యూ వాళ్లు దీన్ని సరెండర్ లెటర్ అంటారు. ఇది లేకుండా తీసుకొస్తే మూడు నెలల తర్వాత బొద్దుగా తయారైన కుక్కని చూసి "మా కుక్క మాకిచ్చెయ్యండి" అని వచ్చేవాళ్లుంటారు. కేసు దారిలో వెళ్తే ఓనర్‌కి శిక్ష పడ్డాక గానీ కోర్టు జంతు హింస నిరోధక చట్టం సెక్షన్ 29 కింద అతని హక్కు తీసేయలేదు, దానికి ఏళ్లు పడుతుంది. ఈ ఒక్క కాగితం ఆ పనిని పది నిమిషాల్లో చేస్తుంది, అందుకే నేనైతే కేసు కంటే ముందు దీనికోసమే ప్రయత్నించమంటాను.

4. ముట్టుకునే ముందు, ముట్టుకున్నాక

తరచుగా ఈ పని చేసేవాళ్లు ముందుగానే రేబిస్ టీకాలు వేయించుకుని ఉండాలి: మొదటి రోజు, 7వ రోజు, తర్వాత 21 లేదా 28వ రోజు. కరిస్తే సబ్బుతో, ధారగా పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడగాలి, ఆ తర్వాత ఆస్పత్రికి. ముందే టీకాలు ఉన్నవాళ్లకి మొదటి రోజు, 3వ రోజు రెండు డోసులతో సరిపోతుంది, లేనివాళ్లకి పూర్తి కోర్సు, రక్తం వచ్చేలా కరిస్తే ఇమ్యునోగ్లోబ్యులిన్ (వైరస్‌ని వెంటనే అడ్డుకోవడానికి గాయం దగ్గర ఇచ్చే ఇంజెక్షన్) కూడా కావాలి. చొంగ కారుస్తూ, దవడ వేలాడేసి, గొంతు మారిపోయి, దిక్కూదరీ లేకుండా తిరుగుతూ కనిపించిన దాన్నల్లా కొరుకుతున్న కుక్క దగ్గరికి ఎంత అనుభవం ఉన్నా వెళ్లకండి. మున్సిపాలిటీకి, పశువుల డాక్టర్‌కి ఫోన్ చేసి, పిల్లల్ని లోపలికి పంపించండి.

మామూలు కుక్క అయినా నొప్పిలో ఉంటే కరుస్తుంది, మీరు రోజూ బిస్కెట్లు పెట్టే కుక్క అయినా సరే. పాత దుప్పటి తలమీదుగా కప్పి, మూతికి గుడ్డపీలికతో కట్టు కట్టి (వాంతి చేసుకుంటున్నా, ఆయాసపడుతున్నా కట్టొద్దు) ఎత్తండి. బండి కింద పడ్డదైతే నడుము వంగకుండా చెక్క మీదికో గట్టి అట్ట మీదికో జరపండి.

పురుగులు పడ్డ పుండు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మన ఊళ్లలో దీని మీద జరిగే ప్రయోగాలు అన్నీ ఇన్నీ కావు. వానాకాలంలో చిన్న గీరుడు చాలు, ఈగలు గుడ్లు పెడితే ఒక రోజులోపే పిల్లలు పుట్టి లోపలికి తొలుచుకుంటూ పోతాయి. చెవి వెనక, తోక మొదట్లో, మెడ తాడు కింద, కుక్క నాలుకకి అందని చోటే ఎక్కువ. పైకి రూపాయి బిళ్లంత రంధ్రం, లోపల గుప్పెడు పురుగులు ఉంటాయి, దగ్గరగా చూస్తే రంధ్రం అంచు కదులుతున్నట్టు అనిపిస్తుంది. దాంట్లో కిరోసిన్, పెట్రోల్, ఫినాయిల్, కలరా ఉండల పొడి, పురుగుమందు పోసేవాళ్లున్నారు. పురుగులతో పాటు బతికున్న మాంసం కూడా కాలుతుంది, కుక్క నాకితే విషం లోపలికి పోతుంది. వెటర్నరీ మెడికల్ షాపులో పురుగుల పుండుకి వాడే స్ప్రేలు దొరుకుతాయి, డాక్టర్‌కి ఫోటో పంపి అడిగి అవి వాడండి. పిల్లి అయితే అది కూడా డాక్టర్ చెప్పకుండా వద్దు, పిల్లి ఒళ్లంతా నాక్కుంటుంది. పిల్లులకి పారాసిటమాల్ ప్రాణాంతకం, ఒక్క బిళ్ల చాలు.

ఎన్నో రోజులుగా తిండి లేని జంతువుకి జాలితో గిన్నెడు బిర్యానీ పెడితే అది అక్కడే కుప్పకూలొచ్చు. ఎండిన ఒంటికి ఒక్కసారిగా తిండి పడితే రక్తంలో లవణాలు తారుమారవుతాయి. ముందు కొంచెం కొంచెం నీళ్లు, తర్వాత రెండు మూడు గంటలకోసారి కాస్తంత మెత్తటి తిండి, రోజుల మీద పెంచుకుంటూ పోవాలి. ఆవులకైతే ఫంక్షన్ హాల్లో మిగిలిన అన్నం తెచ్చి పోయడం పుణ్యం అనుకుంటారు. అది కడుపులో పులిసి, యాసిడ్ పెరిగి ఆవు చచ్చిపోతుంది. గడ్డి పెట్టండి. పడిపోయిన ఆవు ఒక పక్కకి పూర్తిగా ఒరిగి ఉంటే కడుపు ఉబ్బుతుంది, పదిమంది సాయం పట్టి ఛాతీ మీద కూర్చునేలా లేపి పక్కన ఇసుక బస్తాలు ఆనించండి. నోట్లో నీళ్లు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

5. ఎవరికి ఫోన్ చేయాలి

పశువులకి 1962. తెలంగాణలోనూ ఆంధ్రలోనూ సంచార పశువైద్య వాహనాలు ఈ నంబరుతోనే నడుస్తాయి, ముఖ్యంగా పల్లెల్లో. చిలుకలు, తాబేళ్లు, పాములు, కోతులు అయితే అటవీశాఖ. రామచిలుకని పంజరంలో పెట్టుకోవడమే వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం, జాతకం చెప్పినా సరే. హింస కళ్లముందే జరుగుతుంటే 112.

సంస్థల్లో హైదరాబాద్‌లో 1992లో అక్కినేని అమల మొదలుపెట్టిన బ్లూ క్రాస్ ఉంది, విశాఖలో వీఎస్‌పీసీఏ, పుట్టపర్తిలో కరుణా సొసైటీ (రోడ్ల మీది ఆవుల కడుపుల్లో పేరుకున్న ప్లాస్టిక్ గురించి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది వీళ్లే). కానీ ఒకటి గుర్తుపెట్టుకోండి, ఏ షెల్టర్ అయినా ఎప్పుడూ నిండే ఉంటుంది. "వచ్చి తీసుకెళ్లండి, అడ్రస్ పంపా" అనే ఫోన్లు వాళ్లకి రోజంతా వస్తూనే ఉంటాయి. అదే "బండి నేను మాట్లాడతా, ట్రీట్‌మెంట్ అయ్యాక మా ఇంట్లో ఉంచుకుంటా, మీరు డాక్టర్‌తో చూపించండి చాలు" అంటే అవతలి గొంతు మారిపోతుంది. ప్రభుత్వ పశువుల ఆస్పత్రుల్ని కూడా తక్కువ అంచనా వేయకండి. హైదరాబాద్‌లో నారాయణగూడ ఆస్పత్రి, రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ, అటువైపు గన్నవరం, తిరుపతి కాలేజీల్లో పెద్ద ఆపరేషన్లు కూడా చేస్తారు.

వీధికుక్కని "షెల్టర్‌కి పంపేయండి" అనే ముందు: సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 22న చెప్పిన ప్రకారం కుటుంబ నియంత్రణ ఆపరేషన్, టీకా అయ్యాక కుక్కని పట్టిన చోటే వదలాలి, రేబిస్ ఉన్నవి, అనుమానం ఉన్నవి, మీదపడే స్వభావం ఉన్నవి తప్ప. స్కూళ్లు, ఆస్పత్రులు, బస్టాండ్లు, రైల్వేస్టేషన్ల నుంచి మాత్రం తీసేసి మళ్లీ అక్కడ వదలకూడదని నవంబరులో ఇంకో ఆదేశం ఇచ్చింది.

6. కంప్లైంట్

అసలు పని ఇక్కడుంది. ప్రధాన చట్టం జంతు హింస నిరోధక చట్టం, 1960. సెక్షన్ 11(1)లో అక్షరాల వారీగా నేరాలుంటాయి, అవే మీకు కావాలి: (ఎ) కొట్టడం, తన్నడం, చిత్రహింస, (ఎఫ్) పొట్టి లేదా బరువైన గొలుసుతో గంటల తరబడి కట్టేయడం, (జి) ఎప్పుడూ కట్టేసే కుక్కని అసలు తిప్పకపోవడం, (హెచ్) తిండి, నీళ్లు, నీడ ఇవ్వకపోవడం, (ఐ) వదిలేసిపోవడం, (ఎల్) అంగవైకల్యం చేయడం, క్రూరంగా చంపడం, ఇక్కడ "వీధికుక్కలతో సహా" అని చట్టంలోనే రాసి ఉంది, (ఎన్) జంతువుల పోట్లాటకి స్థలం నడపడం, అంటే సంక్రాంతి పందెం బరులు.

ఈ చట్టంలో మొదటి తప్పుకి జరిమానా 10 నుంచి 50 రూపాయలు. అవును, సరిగ్గానే చదివారు. 1960లో రాసిన అంకె. 2022లో సవరణ ముసాయిదా ఒకటి బయటికొచ్చింది గానీ దాన్ని నమ్ముకుని కూర్చోలేం. ఇంకో చిక్కు, 11(1)లో (ఎల్), (ఎన్), (ఓ) తప్ప మిగతావాటిలో పోలీసులు మేజిస్ట్రేట్ అనుమతి లేకుండా కేసు దర్యాప్తు చేయలేరు. "ఇది పెట్టీ కేసండీ, మేం ఎఫ్ఐఆర్ కట్టలేం" అని ఎస్‌ఐ అంటే అబద్ధమాడుతున్నట్టు కాదు, అది తెలియక అక్కడ గొడవపడి పరువు పోగొట్టుకునేవాళ్లు చాలామంది.

అప్పుడు అడగాల్సింది సెక్షన్ 34. కానిస్టేబుల్ కంటే పై ర్యాంకు పోలీసు ఎవరైనా, హింస జరుగుతోందని నమ్మకం కలిగితే జంతువును స్వాధీనం చేసుకుని మేజిస్ట్రేట్ ముందో పశువైద్యాధికారి ముందో పరీక్షకు పెట్టొచ్చు. "సార్, ఎఫ్ఐఆర్ సంగతి తర్వాత చూద్దాం, ముందు 34 కింద డాక్టర్‌కి చూపించండి" అంటే మీకు చట్టం తెలుసని ఆయనకి అర్థమవుతుంది, ఆయన చేయగలిగిన పని కూడా అదే.

చంపినా, విషం పెట్టినా, కాలు విరగ్గొట్టినా సంగతి మారిపోతుంది. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 325, ఐదేళ్ల వరకు జైలు, పోలీసులు నేరుగా ఎఫ్ఐఆర్ కట్టాలి. పాత ఐపీసీలో 428, 429 ఉండేవి, జంతువు ఖరీదు పది రూపాయలా యాభై రూపాయలా అనే లెక్కతో. 2024 జూలై 1 నుంచి ఆ లెక్క లేదు. "వీధికుక్కే కదా, ఓనర్ ఎవరు?" అని అడిగితే 325లో ఆ విలువ షరతు పోయిందని, 11(1)(ఎల్)లో వీధికుక్క మాట స్పష్టంగా ఉందని చెప్పండి.

కంప్లైంట్ ఒక పేజీ దాటొద్దు, ఇలా ఉంటే చాలు:

"గౌరవనీయులైన స్టేషన్ హౌస్ ఆఫీసర్ గారికి. విషయం: ఫలానా కాలనీ, ఫలానా ఇంటి డాబాపై పెంపుడు కుక్కను ఆహారం, నీరు, నీడ లేకుండా గొలుసుతో బంధించి ఉంచడం గురించి. అయ్యా, నేను పై ఇంటికి ఎదురుగా నివసిస్తున్నాను. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు పై ఇంటి డాబాపై గోధుమ రంగు మగ కుక్కను సుమారు రెండడుగుల గొలుసుతో కట్టి ఉంచడం, నీళ్ల తొట్టి ఖాళీగా ఉండటం, మధ్యాహ్నం నీడ లేకపోవడం స్వయంగా చూసి ఫొటోలు, వీడియోలు తీశాను. ఫలానా తేదీన యజమానితో మాట్లాడినా మార్పు లేదు. ఇది జంతు హింస నిరోధక చట్టం 1960, సెక్షన్ 11(1)(ఎఫ్), (జి), (హెచ్) కింద నేరం. కావున సెక్షన్ 34 ప్రకారం సదరు కుక్కను పశువైద్యాధికారి పరీక్షకు పంపి తగు చర్య తీసుకోవలసిందిగా కోరుతున్నాను. జతపరచినవి: ఫొటోలు, పెన్‌డ్రైవ్."

"రాక్షసులు", "మానవత్వం లేని" లాంటి మాటలు ఒక్కటి కూడా వద్దు. రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద స్టాంపు, సంతకం, తేదీ వేయించుకోండి. జీడీ (స్టేషన్ జనరల్ డైరీ) ఎంట్రీ నంబరు అడగండి. డాక్టర్ పరీక్ష జరిగితే రిపోర్టులో బరువు, శరీర స్థితి స్కోరు (కుక్కలకి 9కి ఎంత అని), ఒంట్లో నీరు ఎంత తగ్గింది, గాయం సుమారు ఎన్నాళ్లది అనేవి రాయమని మర్యాదగా అడగండి. "బలహీనంగా ఉంది" అని ఒక ముక్క రాసిస్తే కోర్టులో దేనికీ పనికిరాదు.

7. తీసుకోకపోతే

325 లాంటి కేసుని కూడా తీసుకోనంటే అదే కంప్లైంట్‌ని రిజిస్టర్డ్ పోస్టులో ఎస్పీకి లేదా కమిషనర్‌కి పంపండి, పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173(4) ఇచ్చే దారి అది. అప్పటికీ కదలకపోతే 175(3) కింద మేజిస్ట్రేట్‌కి దరఖాస్తు, దీనికి లాయర్ ఉంటే మంచిది. మరోపక్క సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి, ఆంధ్రలో అయితే ప్రజా సమస్యల పరిష్కార వేదిక. అక్కడ "మన జిల్లా ఎస్‌పీసీఏ చివరి మీటింగ్ ఎప్పుడు జరిగింది?" అని రాతపూర్వకంగా అడగండి. ప్రతి జిల్లాలోనూ ఎస్‌పీసీఏ, అంటే జంతు హింస నివారణ సొసైటీ, ఉండాలని 2001 నిబంధనలు చెబుతున్నాయి. జవాబు రాకపోతే ఆర్టీఐ వేయండి. భారత జంతు సంక్షేమ మండలికి ఈమెయిల్ పంపితే వాళ్లు జిల్లా ఎస్పీకి లెటర్ రాస్తారు, ఆ లెటర్ నంబరు ఫాలోఅప్‌కి పనికొస్తుంది. 1960 చట్టం కింద కేసుకి గడువు మూడు నెలలే, కాబట్టి ఆఫీసుల చుట్టూ తిరుగుతూ ఆ తేదీ దాటనివ్వకండి.

విషం పెట్టిన కేసుల్లో గంటలే లెక్క. కళేబరాన్ని పారిశుధ్య సిబ్బంది ఎత్తుకెళ్లనివ్వొద్దు, మీరూ పాతిపెట్టొద్దు. నీడలో ఐసు గడ్డల మధ్య ఉంచి, పోలీసుల రిక్విజిషన్ లెటర్‌తో (పరీక్ష చేయమని వాళ్లు రాసిచ్చే కాగితం) ప్రభుత్వ పశువైద్యుడి చేత పోస్ట్‌మార్టం చేయించాలి, లోపలి భాగాలు ఫోరెన్సిక్ ల్యాబ్‌కి వెళ్లాలి. పక్కన పడున్న మాంసం ముక్కలు, వాంతి, ప్లాస్టిక్ కవరు కూడా సాక్ష్యమే, చేత్తో ముట్టుకోకుండా పోలీసులకి చూపించండి. 2024 ఫిబ్రవరిలో మహబూబ్‌నగర్ జిల్లా పొన్నకల్‌లో 20 వీధికుక్కల్ని కాల్చి చంపినప్పుడు కంప్లైంట్ ఇచ్చింది పంచాయతీ కార్యదర్శి. తర్వాత అరెస్టులు జరిగాయి. పంచాయతీ, కాలనీ సంఘం, ఎవరి పేరుతోనైనా సరే, ఎవరో ఒకరి సంతకం మీద కాగితం స్టేషన్‌కి చేరాలి.

పశువుల లారీల గురించి ఒక మాట. ఒక గూడ్స్ వాహనంలో ఆరు పశువులకి మించి ఎక్కించకూడదని 1978 రవాణా నిబంధనలు చెబుతాయి, అది నిజం. అయినా లారీని అడ్డగించడం, డ్రైవర్‌ని దించి పేరడగడం, చెయ్యిచేసుకోవడం మన పని కాదు, అది ఇంకో నేరం. నంబరు, టైమ్, ఏ వైపు వెళ్తోందో 112కి చెప్పి అక్కడితో ఆగండి. ఇటుక బట్టీల దగ్గర, ఇసుక మోసే చోట గాడిదలకి వీపు మీద 50 కిలోల పరిమితి ఉంది, 37 డిగ్రీలు దాటితే మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు పని చేయించకూడదు. మన మే నెలలో దీన్ని పాటించే బట్టీ కనిపిస్తే నాకూ చెప్పండి. వాటి యజమాని కూడా రోజుకూలి మనిషే కాబట్టి ముందు నీడ, నీళ్ల తొట్టి, వీపు పుండుకి మందు, గోనె పట్టా కింద మెత్త, వీటితో మొదలుపెడితే పని తొందరగా జరుగుతుంది.

8. బయటికొచ్చాక

పోలీసులు స్వాధీనం చేసుకున్న జంతువు కేసు నడిచినంతకాలం ఎక్కడుండాలో 2017 నాటి జంతు హింస నిరోధక (కేస్ ప్రాపర్టీ జంతువుల సంరక్షణ, నిర్వహణ) నిబంధనల్లో ఉంది: గోశాల, ఎస్‌పీసీఏ, జంతు సంక్షేమ సంస్థ, ఖర్చు ఓనర్ భరించాలి. తిరిగి ఓనర్‌కే ఇచ్చేస్తామంటే ఈ నిబంధనల పేరు రాసి అభ్యంతరం ఇవ్వండి. మీ ఇంట్లో ఉంచుకుంటే కనీసం రెండు వారాలు మీ కుక్కలకి దూరంగా వేరే గదిలో పెట్టండి, పార్వో, డిస్టెంపర్ లాంటి అంటుకునే వైరస్ జబ్బులు లోపల దాక్కుని ఉండొచ్చు. మొదటి వారం అది మూల వదిలి రాకపోయినా, మంచం కిందే ఉచ్చ పోసినా టెన్షన్ పడకండి, గొలుసు లేకుండా నడవడం దానికి కొత్త.

దత్తత ఇచ్చేటప్పుడు ఇల్లు చూడకుండా ఇవ్వొద్దు. ఇంట్లో అందరికీ ఇష్టమేనా, అద్దె ఇల్లయితే ఓనర్‌కి తెలుసా, ఊరెళ్తే ఎవరు చూస్తారు, రాత్రి ఎక్కడ పడుకుంటుంది అని అడగండి. "డాబా మీద చాలా స్థలం ఉందండీ" అన్నవాళ్లకి ఇవ్వకండి. ఆపరేషన్, టీకాలు అయ్యాకే అప్పగించండి, దత్తత కాగితంలో "ఉంచుకోలేకపోతే తిరిగి నాకే ఇవ్వాలి" అనే వాక్యం రాయించండి.

కేసు పెట్టి ఉంటే ఎన్నాళ్లకో, మీరు ఆ సంగతే మర్చిపోయిన టైమ్‌లో, సమన్లు వస్తాయి. సాక్షి రాకపోవడం వల్లే ఇలాంటి కేసులు కొట్టేస్తారు, ఆ రోజు సెలవు పెట్టండి. వీడియో తీసిన పాత ఫోన్ అమ్మేయకుండా ఉంచుకుని ఉంటే దాన్ని చార్జ్ చేసి, స్టాంపు వేయించుకున్న కాపీతో పాటు తీసుకెళ్లండి.